ఆవిడకి ఇష్టం లేకుండా

కుర్చీలమ్మ ఏనాడూ పరాయి సొత్తుకి ఆశపడిన మనిషి కాదు. ఆశపడటానికైనా తీరిక ఉండాలి కదా! పొద్దున లేచింది మొదలు పేము బద్దలు నీళ్లతొట్టిలో నానబెట్టడం, పాత అల్లిక కోసి పారేయడం, చట్రం కన్నాల్లో దుమ్ము దులపడం, కొత్త బద్ద దూర్చి బలంగా లాగడం, ఇదే ఆమె లోకం. ఊళ్లో ఏ డాక్టరు దగ్గర రోగులు వరసకట్టి కూర్చున్నా, ఏ హోటల్లో పెద్దమనుషులు కాలు మీద కాలేసుకుని కబుర్లు చెప్పుకున్నా, వాళ్ల బరువు మోసేది ఆమె అల్లికే. అమ్మా నాన్నా పెట్టిన పేరు ఒకటుండేది. దాన్ని అందరూ ఎప్పుడో మరిచిపోయారు, ఆమెతో సహా.

ఆమె పనిచేసుకునే షెడ్డు మాత్రం ఆమెది కాదు. అది ఎదురింటి పంతులమ్మది. కుర్చీలమ్మా, ఆమె చెల్లెలూ ఉండేది ఈ పక్క మేడ మీద, రెండు గదుల అద్దె వాటాలో. చెల్లెల్ని వీధిలో రేడియో అంటారు. ఎందుకంటారో ఒక్క నిమిషం ఆవిడ దగ్గర నిలబడితే తెలుస్తుంది, రెండో నిమిషం నిలబడ్డవాళ్లు తక్కువ. చూపు సరిగా ఆనదు గనక అల్లిక పని చెయ్యలేదు. వంటా, నోరూ ఆవిడ శాఖలు.

ఆ షెడ్డు చేతికొచ్చిన కథ చాలా చిన్నది. ఒక వానాకాలం కుర్చీలమ్మ మేడమెట్ల మీద కూర్చుని అల్లుతోంది. ఇంట్లో కుర్చీలు పట్టవు, మెట్ల మీద జల్లు కొడుతుంది. స్కూలు నుంచి వస్తున్న పంతులమ్మ గొడుగు కింద నిలబడి కాసేపు చూసింది.

"బద్ద తడవాలి గానీ మనిషి తడవకూడదు కదమ్మా. మా కారు షెడ్డు ఖాళీగా ఉంది. కారు కొంటానని మా నాన్న కట్టించాడు. కారు రాలేదు, ఆయనా పోయాడు. ఆ కుర్చీలు తెచ్చి అందులో పెట్టుకో."

అంతే. కాగితం లేదు, సాక్షి లేడు. అద్దె ఎంతివ్వమంటారని కుర్చీలమ్మ నసుగుతూ అడిగితే ఆవిడకి ముక్కుమీద కోపం వచ్చింది. "నేను లెక్కలు చెప్పుకు బతికేదాన్ని, షెడ్ల వ్యాపారం చెయ్యను," అంది. తాళం సంగతి వచ్చేసరికి, "నా చేతికి ఏ తాళంచెవి ఇచ్చినా పోగొడతాను. నీ తాళం నువ్వు వేసుకో, నీ చెవి నువ్వు దాచుకో," అంది. మర్నాడే కుర్చీలమ్మ బజారుకెళ్లి తాళం కొనుక్కొచ్చింది. ఆ షెడ్డు తలుపు మీద పంతులమ్మ చెయ్యి మళ్లీ ఎప్పుడూ పడలేదు. తోసుకుని రావడం తప్ప.

రోజూ సాయంత్రం తోసుకునే వచ్చేది. పేము తడి మీద అల్లితే ఆరాక బిగుసుకుంటుంది, బిగిసిందో లేదో తెలియాలంటే ఒక మనిషి కూర్చుని చూడాలి. ఆ ఉద్యోగం పంతులమ్మ తీసుకుంది. కొత్తగా అల్లిన ప్రతి కుర్చీలోనూ కూర్చుని, ఇటు ఊగి, అటు ఊగి, కళ్లు మూసుకుని మార్కులు వేసేది.

"డెబ్బై ఎనిమిది. ఎడమపక్క వదులు."

"కుర్చీ వదులు కాదు పంతులమ్మగారూ, మీరే ఆ పక్కకి ఒరిగి కూర్చుంటారు."

"టీచరుకే ఎదురు చెప్తావా? ఐదు మార్కులు కోత!"

ఇద్దరూ పడీ పడీ నవ్వుకునేవాళ్లు. పెళ్లీ పేరంటం లేకుండా ఒంటికాయ సొంఠికొమ్ములా బతికిన ఆవిడకీ, మొగుడు పోయాక నవ్వడానికి పెద్దగా కారణం దొరకని ఈమెకీ రోజు మొత్తంలో అదొక్కటే వేడుక. బయటివాళ్లకి మాత్రం లోపల ఎవరో ఎవర్నో మందలిస్తున్నట్టు వినపడేది. పంతులమ్మ గొంతే అంత. పిల్లల్ని అదిలించీ అదిలించీ, ప్రేమగా మాట్లాడినా బెత్తం పట్టుకున్నట్టే ఉండేది.

ఒక ఎండాకాలం ఆవిడ ఇంట్లోంచి షెడ్డుకి లాగిన కరెంటు తీగ కాలిపోయింది. బాగుచేసేవాడు ఇదుగో వస్తా, అదుగో వస్తా అని తిప్పాడు. ఆ రోజుల్లో ఇద్దరూ మునిచీకట్లో కూర్చుని ఒకరి మొహం ఒకరికి కనపడకుండా చాలా మాటలు చెప్పుకున్నారు. వెలుతుర్లో చెప్పుకోలేనివి.

ఇంకోసారి కుర్చీలమ్మ ఒళ్లు కాలిపోయే జ్వరంతో పనికొచ్చింది. డాక్టరుగారి కుర్చీలు అప్పజెప్పాలని పట్టుదల. నుదుటి మీద చెయ్యి పెట్టి చూసిన పంతులమ్మ వీధి అదిరేలా అరిచింది. "నడు! నా షెడ్డులోంచి బయటికి నడు ముందు! మళ్లీ ఇందులో అడుగుపెట్టావంటే కాళ్లు విరగ్గొడతాను!" మూలమీద ఇస్త్రీ ఆయన పెట్టె పక్కనపెట్టి మరీ తొంగిచూశాడు. ఆ తరవాత చెయ్యి పట్టుకుని మేడ ఎక్కించిందీ, పక్కన కూర్చుని గంజి తాగించిందీ ఆయన చూడలేదు. ఇంట్లో జరిగినవి వీధికి కనపడవు కదా.

అలాంటి పంతులమ్మ ఒక ఉదయం గుండె పట్టుకుని కూలిపోయింది. కుర్చీలమ్మే ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తింది. మర్నాడు తెల్లవారేటప్పుడు, కుర్చీలమ్మ చేతిలో చెయ్యి ఉండగానే ఆవిడ ఊపిరి ఆగిపోయింది. ఆవిడ అన్న కొడుకు, ఆ ఒక్క మేనల్లుడే ఆవిడకున్న బంధువు, దూరాన ఉద్యోగం. అతనొచ్చేసరికి అంతా అయిపోయింది.

నెమ్మదైనవాడు. కార్యక్రమాలు అయ్యాక షెడ్డు దగ్గరికి వచ్చి, "పిన్నిగారూ, అత్తయ్య ఎప్పుడూ మీ గురించే చెప్పేది," అన్నాడు. ఇద్దరూ కాసేపు ఏడ్చారు. అప్పుడు అతను అసలు మాట, చెప్పలేక చెప్పలేక చెప్పాడు. నాకూ అవసరాలున్నాయి, ఇల్లు అమ్మక తప్పదు. కొనేవాళ్లు మొత్తం పడగొట్టి కట్టుకుంటారట, షెడ్డుతో సహా. తొందరేం లేదు, ఈలోగా ఇంకో చోటు చూసుకోండి, నేనూ అడుగుతాను.

"అలాగే బాబూ," అంది కుర్చీలమ్మ. అందులో అనుమానించాల్సింది ఆమెకేమీ కనపడలేదు. షెడ్డు ఆవిడది, ఆవిడ తరవాత అతనిది.

చోటు దొరకలేదు. నేలమీద గది కావాలి, గుమ్మం వెడల్పుండాలి, నీళ్లు పారబోసుకోవాలి. ప్రతివాళ్లూ గది చూపించి, పని ఏమిటని అడిగి, నీళ్లతొట్టి అనగానే మొహం చిట్లించేవాళ్లు. గోడలు చెమ్మెక్కుతాయన్నారు. తిరిగీ తిరిగీ ఆమె చెప్పులు అరిగాయి. అప్పజెప్పాల్సిన కుర్చీలు పేరుకుపోయాయి. రాత్రిళ్లు చెల్లెలు పక్కమీద అటూ ఇటూ పొర్లేది.

"అక్కా, షెడ్డు పోతే మనం తినేది ఏంటే? నువ్వు మెట్ల మీద అల్లుతావా మళ్లీ? ఈ మోకాళ్లతోనా? నాకా కళ్లు లేవు. ఎవరింట్లోనన్నా అంట్లు తోముదామన్నా, మురికి పోయిందో లేదో నాకు కనపడి చావదు."

"పరాయి షెడ్డు కదే. మనదని ఎలా కూర్చుంటాం?"

"ఇన్నేళ్లు కూర్చున్నాం కదా! ఒక వకీల్ని అడిగితే తప్పేంటి? అడిగితే నోటి ముత్యాలు రాలిపోవు కదా!"

వకీలు గదిలో పాత పేము కుర్చీలే ఉన్నాయి. కుర్చీలమ్మ కూర్చోబోతూ అలవాటుగా అల్లిక నొక్కి చూసింది. అయిపోయింది దీని పని, నాలుగు నెలలు ఆగదు అనుకుంది. వకీలు చురుకైనవాడు, చెడ్డవాడేం కాదు. కథంతా విని గోడకి ఆనించిన గొడుగు చేతిలోకి తీసుకున్నాడు.

"ఇది మా ఆవిడది. పొద్దున మబ్బు చూసి ఇచ్చింది. ఇప్పుడు నా చేతిలో ఉంది, నా స్వాధీనంలో ఉంది. నాదవుతుందా?"

"కాదు."

"పదేళ్లు వాడుకున్నాననుకోండి?"

"అయినా కాదు. ఆవిడ అడిగితే ఇవ్వాలి."

"ఎందుకు ఇవ్వాలి? ఆవిడ ఇచ్చింది గనక. ఇచ్చిన వస్తువు ఎన్నేళ్లున్నా ఇచ్చినవాళ్లదే. గొడుక్కి లెక్క వేరనుకోండి, నేల విషయం చెప్తాను. ఒకరి నేలని, వాళ్లకి ఇష్టం లేకుండా, వాళ్లకి తెలిసేలా, అందరూ చూస్తుండగా మీరు ఆక్రమించి, చట్టం అడిగినన్నేళ్లు కదలకుండా కూర్చున్నారనుకోండి, వాళ్లు ఈలోగా కోర్టుకి రాలేదనుకోండి, ఇంక అది మీదే అంటుంది చట్టం. స్వాధీనం మెల్లగా హక్కుగా మారిపోతుంది."

కుర్చీలమ్మ చాలాసేపు ఆలోచించింది. "అంటే, ప్రేమగా ఇస్తే నాది కాదు. లాక్కుంటే నాదవుతుంది. అంతేనా?"

"సరిగ్గా పట్టుకున్నారు!"

"ఇదేం న్యాయమండీ?"

"అది వేరే కౌంటరు అమ్మా. ఇక్కడ చట్టం ఒక్కటే దొరుకుతుంది."

చెల్లెలు కిసుక్కున నవ్వింది. కుర్చీలమ్మకి నవ్వు రాలేదు. ఆమె షెడ్డులో ఉన్న కుర్చీలన్నీ ఊళ్లోవాళ్లవి. నెలల తరబడి ఆమె చేతిలో ఉంటాయి, ఆమె తాళం కింద ఉంటాయి. ఒక్కదాన్నయినా నాదని ఎప్పుడూ అనుకోలేదు. ఆ మాటే చెప్పింది.

"అవి బాగుచెయ్యమని మీకు అప్పగించినవి. అది ఇంకో రకం," అన్నాడు వకీలు. "చేతిలో ఉండటం వేరు, అప్పగింత వేరు, అనుమతి వేరు, హక్కు వేరు. బయటినుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. తేడా అంతా మనసులో ఉంటుంది. సరే, ఒకటి చెప్పండి. ఆవిడ ఎప్పుడైనా మీ మీద అరిచిందా?"

"అరవకేం!" కుర్చీలమ్మ మొహం ఒక్కసారి వెలిగింది. పంతులమ్మ గురించి మాట్లాడమంటే ఎంతసేపైనా మాట్లాడుతుంది. "ఒకసారి నేను జ్వరంతో వస్తే, షెడ్డులోంచి బయటికి నడు, కాళ్లు విరగ్గొడతానని వీధి వీధంతా వినేలా..."

వకీలు కలం తీశాడు. "ఎవరు విన్నారు?"

ఆ కలం చూసి ఆమె లేచి నిలబడింది. "వద్దండీ. ఆవిడ మీద అబద్ధం చెప్పలేను."

"అబద్ధం ఎవరు చెప్పమన్నారు? జరిగింది జరిగినట్టే చెప్పండి. ఒక్క పొల్లు మార్చొద్దు. దాని వెనకున్న మనసొక్కటి మార్చండి, చాలు."

ఇంటికొచ్చాక అక్కచెల్లెళ్లు ఆ రాత్రి అన్నం తినలేదు. రేడియో కూడా మూగబోయింది. చివరికి తనే అంది, ఎప్పుడూ లేనంత మెల్లగా. "పోయినావిడకి నొప్పి తెలీదక్కా. బతికున్నవాళ్లకి ఆకలేస్తుంది." కుర్చీలమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఆమె మనసులో పంతులమ్మ కనపడింది, కనపడి ఏమీ అనలేదు. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది. అప్పుడు కుర్చీలమ్మ మళ్లీ వకీలు దగ్గరికి వెళ్లేది కాదు.

కేసు తేలడానికి చాలాకాలం పట్టింది. ఈలోగా షెడ్డుని ఎవరూ ముట్టుకోకూడదని కోర్టు చెప్పడంతో పని సాగుతూనే ఉంది. నోటీసు అందిన రోజు మేనల్లుడు ఫోన్ చేశాడు. "పిన్నిగారూ, ఇది మీరే వేశారా? ఎవరో మీ పేరు వాడుకున్నారా?" అని అడిగాడు. నేనే బాబూ అంది. అతను సరేనని పెట్టేశాడు. ఆ తరవాత ఫోన్ చెయ్యలేదు.

బోనులో నిలబడిన రోజు ఆమె ఉతికిన తెల్లచీర కట్టుకుంది. అవతలి వకీలు ముసలాయన, గట్టివాడు. ఒక్కొక్కటీ తవ్వడం మొదలుపెట్టాడు.

"షెడ్డుకున్న తాళం ఎవరిది?"

"నాదండీ. నేనే కొన్నాను."

"చెవి ఆవిడ దగ్గర ఉండేదా?"

"ఒక్కరోజు కూడా ఇవ్వలేదు."

"ఆవిడ అద్దె అడిగిందా?"

"నేను ఇవ్వనూ లేదు, ఆవిడ తీసుకోనూ లేదు."

"ఆవిడే తన ఇంట్లోంచి మీకు కరెంటు ఇచ్చింది కదా?"

"మొదట్లో ఉండేది. తరవాత చీకట్లోనే కూర్చున్నాను, చాలా రోజులు."

అన్నీ నిజాలే. ఒక్కొక్క నిజం నోట్లోంచి బయటికొస్తున్నప్పుడు కుర్చీలమ్మకి కళ్లెదుట ఎవరో తన సొంత బట్టలు తిరగేసి, లోపలి కుట్లు బయటికి తీసి చూపిస్తున్నట్టుంది.

"రోజూ సాయంత్రం ఆవిడ షెడ్డుకి వచ్చేదా, లేదా?"

"వచ్చేది."

"పడనివాళ్లయితే రోజూ ఎందుకొస్తుందమ్మా?"

దీనికి జవాబు ముందే తయారుచేసి పెట్టారు. వకీలూ చెల్లెలూ కలిసి, మరిచిపోకుండా పదిసార్లు చెప్పించారు.

"ఇది నాదని గుర్తుచెయ్యడానికి వచ్చేది. నేను అల్లిన కుర్చీల్లో కూర్చుని వంకలు పెట్టేది. ఇక్కడ వదులు, అక్కడ వదులు అని మార్కులు కోసేది. ఎంత బాగా అల్లినా ఒక్కనాడూ..."

అక్కడ ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. దుఃఖం కాదు అది, వరద. చీరకొంగు నోట్లో కుక్కుకుని, బోను కమ్మీ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. పంతులమ్మ పోయిన రోజున కూడా అలా ఏడవలేదు. జడ్జి మంచినీళ్లు ఇమ్మన్నాడు. కోర్టులో ఉన్నవాళ్లందరూ ఏళ్ల తరబడి అవమానాలు పడ్డ ఒక పేద మనిషిని చూశారు. మేనల్లుడు కూడా చూశాడు. తల వంచుకున్నాడు.

"ఆస్పత్రికి తీసుకెళ్లింది మీరే కదా?" అన్నాడు ముసలి వకీలు, కాస్త తగ్గి.

"ఎదురింట్లో ఉండి తీసుకెళ్లకపోతే వీధిలోవాళ్లు నన్ను బతకనిస్తారా?"

ఈ మాట చెల్లెలు నేర్పింది. జడ్జి దాన్ని రాసుకున్నాడు.

ఇస్త్రీ ఆయన వచ్చి, తను విన్నది విన్నట్టు చెప్పాడు. నా షెడ్డులోంచి నడు అంది, కాళ్లు విరగ్గొడతానంది, నా చెవులతో విన్నాను. ఒక్క అక్షరం ఎక్కువ చెప్పలేదు. నిజాయితీపరుడు, అందుకే ఆయన మాటకి అంత బరువు.

మేనల్లుడి వంతు వచ్చినప్పుడు, "మా అత్తయ్యకి ఈవిడంటే ప్రాణం. ఆవిడే షెడ్డు ఇచ్చింది. ఫోన్‌లో రోజూ చెప్పేది. ఇవాళ ఒక కుర్చీకి ఎనభై రెండు ఇచ్చాను, మురిసిపోయింది అని..." అన్నాడు. వెనక ఎవరో నవ్వారు.

కుర్చీలమ్మ వకీలు లేచాడు. "మీ మేనత్తగారు తన కష్టాలు మీకు చెప్పుకునేవారా?"

"లేదండీ. దూరాన ఉన్నాను, కంగారుపడతానని చెప్పేది కాదు."

"అంటే మీ మనసు కుదుటగా ఉండాలని మంచి మాటలే చెప్పేవారు."

అతను కుర్చీలమ్మ వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. లెక్క ఎక్కడో తప్పిందని అప్పుడే అనుమానం వచ్చినవాడి చూపు అది. కుర్చీలమ్మ తల దించేసుకుంది.

షెడ్డు కుర్చీలమ్మదని తీర్పు వచ్చింది. ఆవిడకి ఇష్టం లేకుండా, ఆవిడకి తెలిసేలా, అందరూ చూస్తుండగా. వకీలు కోర్టు మెట్ల మీదే చెయ్యి కలిపాడు. చెల్లెలు ఆటోవాడికి కూడా కథంతా వినిపించింది.

సొంతమయ్యాక కుర్చీలమ్మ షెడ్డుకి సున్నం కొట్టించలేదు, బల్ల కొనలేదు, ఏమీ చెయ్యలేదు. పని మాత్రం చేసింది. చెయ్యకపోతే ఎలా గడుస్తుంది? కానీ అల్లిక ఆరాక బిగిసిందో లేదో కూర్చుని చూడటం మానేసింది. చేత్తో నొక్కి పంపేసేది. వీధిలోవాళ్లు ఇప్పుడు ఆమెతో మరింత మెత్తగా మాట్లాడుతున్నారు. "పాపం, ఇన్నేళ్లు ఎలా భరించావమ్మా? పైకి టీచరమ్మలా ఉండేది గానీ!" అంటున్నారు. పంతులమ్మ దగ్గర చదువుకున్నవాళ్లు కూడా అన్నారు. ఆవిడ తీయించిన గుంజీలు గుర్తుచేసుకుని మరీ అన్నారు. కుర్చీలమ్మకి ఆ మాటలు వింటుంటే ఒళ్లు మండిపోయేది. ఎవర్ని తిట్టగలదు? వాళ్లకి ఆ మాటలు అందించింది తనే.

ఒక మధ్యాహ్నం మేనల్లుడు వచ్చాడు. మిగిలిన ఇంటికి ఎవరో బేరం కుదిరారట, సామాన్లు సర్దడానికి వచ్చాడు. షెడ్డు గుమ్మం బయటే ఆగాడు.

"లోపలికి రావచ్చా అమ్మగారూ?"

అతని అత్తయ్య తోసుకుని వచ్చే గుమ్మం అది. కుర్చీలమ్మ గబగబా లేచి, చీరకి చేతులు తుడుచుకుని, రా బాబూ, రా, అని కుర్చీ వేసింది. అతను అంచుమీద కూర్చున్నాడు.

"మీకు క్షమాపణ చెప్పి వెళ్దామని వచ్చాను," అన్నాడు.

"నాకా? నువ్వెందుకయ్యా?"

"మా అత్తయ్య తరఫున. ఆవిడ మనసు మంచిదేనమ్మా, నోరే అలాంటిది. మిమ్మల్ని అంత బాధపెట్టిందని నాకు తెలీదు." అతను కింద పడున్న పేము ముక్క ఒకటి తీసి వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ మాట్లాడాడు. "ఆవిడ ఒంటరిదని నాకెప్పుడూ దిగులుగానే ఉండేది. రమ్మంటే రాదు. కానీ రోజూ ఫోన్‌లో మీ కబుర్లు చెప్పేదా, సరేలే, ఎదురింట్లో ఒక స్నేహితురాలుంది, ఏదన్నా అయితే చూసుకుంటుంది అని నిశ్చింతగా ఉండేవాణ్ణి. పోయిన రోజు నేను అందుకోలేకపోయినా, పక్కన ఆ స్నేహితురాలు ఉండే ఉంటుందిలే అనుకున్నాను. ఇప్పుడు అర్థమైంది. నేను దిగులు పడకూడదని ఒక స్నేహితురాల్ని కల్పించుకుందన్నమాట. ఎవరూ లేకపోతే ఎదురింటి మనిషినే కథలో పెట్టుకుంది."

కుర్చీలమ్మ ఇంతకాలం తన చెయ్యి తను నరుక్కున్నాననుకుంది. ఆ వేటు ఇతని ఒంటిమీద కూడా పడిందని ఇప్పుడే చూసింది. షెడ్డు పోతే పోయింది, వకీలు తిడితే తిట్టాడు, చెల్లెలు నెత్తి కొట్టుకుంటే కొట్టుకుంది. ఈ ఒక్కటీ ఇలా వదిలెయ్యలేననుకుంది.

"కల్పన కాదు బాబూ!" అంది. అతని ఎదుట నేలమీద కూర్చుండిపోయింది. "నిజం. ఆవిడ చెప్పిందంతా నిజం. ఎనభై రెండు ఇచ్చింది, హోటలు కుర్చీకి. నేను అబద్ధం చెప్పాను. ఈ షెడ్డు ఆవిడే ఇచ్చింది, నోరారా పిలిచి ఇచ్చింది. నాకు జ్వరమని అరిచింది, గంజి తాగించింది. పోయినప్పుడు ఆవిడ చెయ్యి ఇదిగో, ఈ చేతిలోనే ఉంది. ఆవిడ ఒంటరిగా పోలేదు నాయనా. నీ మీద ఒట్టు. కావాలంటే ఇప్పుడే కోర్టుకి వచ్చి చెప్తాను, షెడ్డు నీకు రాసిచ్చేస్తాను."

అతను వంగి, రెండు భుజాలూ పట్టుకుని లేపి, తను కూర్చున్న కుర్చీలోనే కూర్చోబెట్టాడు. కళ్లు తడిగా ఉన్నాయి గానీ మొహం ప్రశాంతంగా ఉంది.

"మీరు చాలా మంచివారమ్మా. నన్ను ఓదార్చడానికి షెడ్డు కూడా వదులుకుంటానంటున్నారు. వద్దు. మీరు పడ్డదానికి ఇది మీకు దక్కాల్సిందే."

"అయ్యో, నా మాట నమ్ము బాబూ!"

"బోనులో మిమ్మల్ని చూశాను కదమ్మా. అంత ఏడుపు అబద్ధానికి రాదు."

నమస్కారం పెట్టి బయటికి నడిచాడు. కుర్చీలమ్మ వెనకాలే పరిగెత్తింది. నానిన బద్ద కాలికి చుట్టుకుంటే తన్నేసి, వీధిలోకి వచ్చి, అతను మలుపు తిరుగుతుంటే గొంతు చించుకుని అరిచింది. "ఆవిడ నా స్నేహితురాలు! వింటున్నావా? ఆవిడ నా ప్రాణస్నేహితురాలు!"

అతను వెనక్కి తిరిగి తల ఊపాడు, వెళ్లిపోయాడు. వీధిలో నలుగురూ ఆగి చూశారు. ఇస్త్రీ ఆయన పెట్టె పక్కనపెట్టి దగ్గరికి వచ్చాడు.

"మంచిపని చేశారమ్మా," అన్నాడు. "పోయినవాళ్ల మీద కోపం పెట్టుకుని ఏం లాభం? అంత చేసినావిడని కూడా క్షమించారు చూడండి, అదీ మనసంటే."

ఆయన ఎంతో గౌరవంగా అన్నాడు ఆ మాట. కుర్చీలమ్మ తన షెడ్డులోకి తను వెళ్లిపోయింది.